రీమర్: ఎంపిక, వాడకం — మన వృత్తివిద్య పిల్లల కోసం ఒక పాఠం



ప్రతి ఏడాదీ మన సొసైటీ తరఫున ఐటీఐ చదివే పిల్లలకు, లేత్ షాపుల్లో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు పనిముట్లు కొనిస్తున్నాం. కుట్టుమిషన్ ఎందుకో, పాఠ్యపుస్తకం ఎందుకో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పనిముట్ల జాబితాలో "రీమర్లు" అన్న మాట కనిపించినప్పుడు మాత్రం చాలామంది దాతలు మమ్మల్ని అడుగుతారు. "డ్రిల్ బిట్లు కొన్నాం కదా, మళ్లీ ఇదేమిటి? ఇంత ధర ఎందుకు?" అని. అడగవలసిన ప్రశ్నే. ఈ వ్యాసం దానికి జవాబు. పిల్లలు తమ నోటుపుస్తకంలో పెట్టుకోవడానికి పనికొచ్చే పాఠం కూడా. చదువు చెప్పేవాళ్లం కాబట్టి, ఇచ్చే వస్తువు గురించి ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ సమానంగా తెలియాలన్నది మా ఉద్దేశం.

మన జిల్లాకు దీనితో ఏం పని?

అనంతపురం వానల సంగతి మనకు కొత్త కాదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, అదీ కురవవలసిన రోజుల్లో కురవదు. వేరుశనగ పోయిన ఏడు ఇంటి పెద్దకొడుకు బడి మాని మెకానిక్ షాపులో చేరడం మన బడుల హాజరు పట్టీల్లో మేం ఏళ్లుగా చూస్తున్నదే. బోరు మోటార్లు, ట్రాక్టర్లు, లారీలు, వేరుశనగకాయలు ఒలిచే యంత్రాలు, వీటన్నిటికీ మరమ్మతులు కావాలి. పంట లేని ఏడు కూడా ఆ పని ఉంటుంది. అందుకే మన ఇళ్లలో చాలా కుటుంబాలు లేత్, వెల్డింగ్, ఇంజన్ పనుల మీద బతుకుతున్నాయి.

ఆ పనుల్లో రీమర్ లేనిదే సరిగ్గా కానివి ఉన్నాయి. ట్రాక్టరు లేదా లారీ ముందు చక్రం కింగ్‌పిన్ బుష్, డీజిల్ ఇంజన్ కనెక్టింగ్ రాడ్ చిన్న తలలోని బుష్, ఇంజన్ హెడ్‌లోని వాల్వ్ గైడు, చక్రాన్ని షాఫ్టుకు బిగించే టేపర్ పిన్ను, ఇవన్నీ రీమర్ పనులే.

మరో కారణం కూడా ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం జరిగింది, 2019లో ఉత్పత్తి మొదలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తరువాత ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, మన పిల్లలు ఉద్యోగానికి చూసేది అటువైపే. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. అక్కడ "సుమారుగా" అన్న మాట చెల్లదు. మా దగ్గర చదివి వెళ్లిన ఒక కుర్రాడికి ఒక కంపెనీ పరీక్షలో ఇనుప ముక్క ఇచ్చి, 10 మిల్లీమీటర్ల ఖచ్చితమైన రంధ్రం చేయమన్నారు. అతను 10 మిల్లీమీటర్ల డ్రిల్‌తో నేరుగా తొలిచి ఇచ్చాడు. గేజ్ పెట్టి చూస్తే రెండు వైపులా లోపలికి జారిపోయింది. ఆ అబ్బాయికి బుద్ధి తక్కువ కాదు. రెండేళ్లు చదివినా తన చేత్తో రీమర్ పట్టుకునే అవకాశం అతనికి రాలేదు, అంతే.

డ్రిల్ ఎందుకు చాలదు?

డ్రిల్ బిట్‌కు రెండే కోత అంచులు. అవి రెండూ నూటికి నూరుపాళ్లు సమానంగా ఉండవు. తిరిగేటప్పుడు బిట్ కొద్దిగా ఊగుతుంది. అందువల్ల 10 మిల్లీమీటర్ల బిట్ చేసిన రంధ్రం 10.05 ఉండవచ్చు, 10.1 కూడా ఉండవచ్చు. సరిగ్గా గుండ్రంగా ఉండదు. లోపలి గోడ గరుకుగా ఉంటుంది. బోల్టు దూర్చడానికి ఇది చాలు. షాఫ్టు తిరగడానికి, పిన్ను బిగుతుగా కూర్చోవడానికి చాలదు.

రీమర్‌కు ఆరు, ఎనిమిది, అంతకంటే ఎక్కువ కోత అంచులు ఉంటాయి. అది కొత్తగా రంధ్రం తొలవదు. ఉన్న రంధ్రం గోడ నుంచి పలుచని పొర ఒకటి తీసి, కొలతకు తెచ్చి, నునుపు చేస్తుంది. ఇక్కడ పిల్లలు గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. రీమర్ పాత రంధ్రం వెంటే పోతుంది. రంధ్రం పక్కకు పడి ఉంటే రీమర్ దాన్ని మధ్యకు జరపలేదు. వంకరగా ఉంటే నిటారు చేయలేదు. చోటు, నిటారుతనం డ్రిల్ దగ్గరే సరిగ్గా రావాలి. రీమర్ ఇచ్చేది కొలత, గుండ్రదనం, నునుపు, ఈ మూడే.

ఎంత ఖచ్చితం కావాలి?

పాత మేస్త్రీలు "ఒక థౌ తీయి" అంటారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే సుమారు 25 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది.

డ్రాయింగులో "10 హెచ్7" అని రాసి ఉంటే, ఆ రంధ్రం 10.000 కంటే తక్కువ ఉండకూడదు, 10.015 కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే వెంట్రుక మందంలో ఐదో వంతు మాత్రమే వెసులుబాటు. కొలత పెరిగేకొద్దీ వెసులుబాటు కొంచెం పెరుగుతుంది. 10 దాటి 18 వరకు 18 మైక్రాన్లు, 18 దాటి 30 వరకు 21, 30 దాటి 50 వరకు 25 మైక్రాన్లు. మామూలు రీమర్ పని ఎక్కువగా ఈ హెచ్7 కోసమే.

మరి 10 హెచ్7 రంధ్రం కోసం అమ్మే రీమర్ కొలత ఎంత ఉంటుంది? సరిగ్గా 10 అనుకుంటాం. కాదు. 10.006 నుంచి 10.012 లోపు ఉండేలా దాన్ని తయారు చేస్తారు. కిందివైపు కొంత అరుగుదలకు వదిలారు. పైవైపు కొంత, రీమర్ తన కొలత కంటే రవ్వంత పెద్ద రంధ్రం చేస్తుంది కాబట్టి వదిలారు. అందుకే కొనేటప్పుడు "పది రీమర్" అని ఊరుకోకూడదు, "పది హెచ్7 రీమర్" అని అడిగి షాంక్ మీద ఆ ముద్ర చూసుకోవాలి.

రకాలు, ఎంపిక

చేతి రీమర్: షాంక్ చివర నలుచదరంగా ఉంటుంది, టాప్ హ్యాండిల్ బిగించడానికి. ముందు భాగం కోత పొడవులో సుమారు నాలుగో వంతు వరకు సన్నగా వాలుగా ఉంటుంది. ఆ వాలు వల్లే రీమర్ రంధ్రంలో నిటారుగా కుదురుకుంటుంది. నేర్చుకునేవారికి మొదట ఇవ్వవలసింది ఇదే.

మిషన్ రీమర్: ముందు అంచు పొట్టిగా, 45 డిగ్రీల వాలుతో ఉంటుంది. కోసేదంతా ఆ చిన్న వాలే. షాంక్ గుండ్రంగా గానీ మోర్స్ టేపర్‌తో గానీ ఉంటుంది. అడుగు మూసి ఉన్న రంధ్రాలకు కూడా ఇదే వాడాలి. చేతి రీమర్ ముందు వాలు పొడవు కాబట్టి అడుగు దాకా కొలత రాదు.

సర్దుబాటు రీమర్: వాలు గాడుల్లో బ్లేడ్లు, పైనా కిందా రెండు నట్లు. ఒకటి వదులు చేసి మరొకటి బిగిస్తే బ్లేడ్లు జరిగి కొలత మారుతుంది. మరమ్మతు షాపుకు ఇది పెద్ద ఆస్తి. పాత పిన్ను అరిగి వింత కొలతకు వచ్చినప్పుడు బుష్‌ను దానికి తగ్గట్టు చేయవచ్చు. అయితే కర్మాగారపు హెచ్7 పనికి దీన్ని నమ్మకూడదు.

టేపర్ పిన్ రీమర్: దీని వాలు 50కి 1. అంటే 50 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. పిన్ను కొలత అంటే సన్నని చివర కొలత అని పిల్లలు గుర్తుంచుకోవాలి.

షెల్ రీమర్: పెద్ద రంధ్రాలకు. కోత భాగం ఒక గొట్టంలా ఉండి, ఇరుసు మీద తొడుగుతారు. అరిగితే కోత భాగమే మార్చుకోవచ్చు.

ఇక గాడుల సంగతి. తిన్నని గాడులు మామూలు పనికి చాలు. రంధ్రంలో కీ గాడి ఉంటే తిన్నని గాడుల రీమర్ అంచు అందులో తట్టుకుంటుంది. అక్కడ మెలికల గాడులది కావాలి. ఎడమ మెలిక రీమర్ రజనును ముందుకు తోస్తుంది. కాబట్టి ఇటు నుంచి అటు తెరిచి ఉన్న రంధ్రాలకు మంచిది, తనంతట తాను లోపలికి లాక్కుపోదు కూడా. అడుగు మూసిన రంధ్రంలో రజను వెనక్కి రావాలి, అక్కడ ఎడమ మెలిక పనికిరాదు.

ఒక రీమర్‌ను జాగ్రత్తగా చూస్తే మరో విశేషం కనిపిస్తుంది. అంచులు సాధారణంగా సరిసంఖ్యలో ఉంటాయి, ఎదురెదురు అంచులను మైక్రోమీటరుతో కొలవడానికి వీలుగా. కానీ అంచుకూ అంచుకూ మధ్య దూరం సమానం కాదు. సమానంగా ఉంటే ఒక అంచు వదిలిన గుర్తులోనే తరువాతి అంచు పడి, వణుకు పెరిగి, గోడ మీద గీతలు పడతాయి. ఆ చిన్న అసమానత వణుకును విరగ్గొడుతుంది.

లోహం విషయానికి వస్తే హైస్పీడ్ స్టీల్ రీమర్ మన అవసరాలకు చాలు. కార్బైడ్ రీమర్ ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ ధర చాలా ఎక్కువ, పెళుసు, చేతి పనికి తగదు. కిందపడితే అంచు ఊడుతుంది. నేర్చుకునే కుర్రాడికి కార్బైడ్ కొనివ్వడం దాత సొమ్మును నేలపాలు చేయడమే.

ముందు రంధ్రం: లెక్క ఇక్కడే

రీమర్ ఎంత పొర తీయాలి? చాలా ఎక్కువ వదిలితే రీమర్ మీద భారం పడి గోడ చిరుగుతుంది, కోత అంచు తొందరగా అరుగుతుంది. చాలా తక్కువ వదిలితే రీమర్ కోయకుండా రుద్దుతుంది. గోడ మెరుస్తుంది గానీ డ్రిల్ గుర్తులు మిగిలిపోతాయి, అంచు మొద్దుబారుతుంది. రెండోది మరీ మోసకరమైనది. కుర్రాళ్లు "తక్కువ తీస్తే జాగ్రత్త" అనుకుంటారు.

ఐటీఐ ఫిట్టర్ పాఠాల్లో చెప్పే సూత్రం ఇది: డ్రిల్ కొలత = రీమర్ కొలత నుంచి, వదలవలసిన పొరనూ డ్రిల్ అదనంగా తొలిచే దాన్నీ కలిపి తీసివేయగా వచ్చేది. వదలవలసిన పొర 5 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, 5 నుంచి 20 వరకు 0.2 నుంచి 0.3, 21 నుంచి 50 వరకు 0.3 నుంచి 0.5. డ్రిల్ అదనంగా తొలిచేది 0.05 అని లెక్కవేస్తారు. చేతి రీమర్‌కు ఈ హద్దుల్లో తక్కువవైపు తీసుకోవాలి.

10 మిల్లీమీటర్ల రంధ్రానికి: 10 నుంచి 0.2, 0.05 తీసేస్తే 9.75. ఆ బిట్ వాడాలి.

16 మిల్లీమీటర్ల రంధ్రానికి: 0.3, 0.05 తీసేస్తే 15.65 వస్తుంది. ఆ బిట్ అంగడిలో దొరకదు. 15.5, 15.75 దొరుకుతాయి. ఏది తీసుకోవాలి? 15.5 బిట్ రంధ్రం 15.55 అవుతుంది, పొర 0.45 మిగులుతుంది, అది ఎక్కువ. 15.75 బిట్ రంధ్రం 15.80 అవుతుంది, పొర 0.2 మిగులుతుంది. కాబట్టి 15.75 సరైనది. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. మా లెక్కల క్లాసుల్లో దశాంశాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడుతున్నాం. దశాంశాలు ఎందుకు నేర్చుకోవాలో పిల్లలు మళ్లీ అడగడం లేదు.

చేతి రీమర్ వాడే క్రమం

ముక్కను వైస్‌లో సమంగా, గట్టిగా బిగించాలి. డ్రిల్ చేశాక రంధ్రం అంచున మిగిలిన ముళ్లను తీసేయాలి, రంధ్రం తుడవాలి. రీమర్ అంచులకు నూనె రాయాలి. నిటారుగా నిలిపి, మూలమట్టంతో రెండు పక్కలా చూడాలి. టాప్ హ్యాండిల్‌ను రెండు చేతులతో సమానమైన ఒత్తిడితో పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా, ఆగకుండా తిప్పాలి. ఒక చేత్తో తిప్పితే రంధ్రం నోరు వెడల్పవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: రీమర్‌ను ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు. బయటికి తీసేటప్పుడు కూడా అదే దిశలో తిప్పుతూ పైకి లాగాలి. టాప్‌తో మరలు వేసేటప్పుడు అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పే అలవాటు పిల్లలకు ఉంటుంది. అదే అలవాటు రీమర్ దగ్గర చూపిస్తే, అంచుకూ గోడకూ మధ్య రజను ఇరుక్కుని రంధ్రాన్ని గీరుతుంది, కోత అంచు కూడా పోతుంది. మధ్య మధ్య పూర్తిగా బయటికి తీసి, బ్రష్‌తో రజను తుడిచి, మళ్లీ నూనె రాసి దించాలి.

మిషన్ మీద

డ్రిల్ వేగంతో రీమర్ తిప్పకూడదు. వేగం సగం లేదా అంతకంటే తక్కువ, ముందుకు నడిపే రేటు రెట్టింపు వరకు, ఇది గుర్తుంచుకోవడానికి సులువైన మాట. మైల్డ్ స్టీల్‌లో 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీల్ డ్రిల్ నిమిషానికి సుమారు 800 చుట్లు తిరిగితే, అదే కొలత రీమర్‌కు 320 చుట్లు చాలు. అలాగని మరీ నిదానంగా దించితే కోయకుండా రుద్దుతుంది.

సాధ్యమైతే డ్రిల్ చేసిన బిగింపులోనే, ముక్కను కదపకుండా, బిట్ తీసి రీమర్ పెట్టాలి. ముక్క ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే మధ్యబిందువు తప్పుతుంది. పాత మిషన్లలో స్పిండిల్ కొద్దిగా ఊగుతుంది కాబట్టి, రీమర్ తన దారి తాను వెతుక్కునే ఫ్లోటింగ్ హోల్డర్ వాడటం మంచిది.

ఉక్కుకు నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్, పోత ఇనుముకు ఏమీ లేకుండా పొడిగా. ఇది వాడుకలో ఉన్న పద్ధతి. ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీళ్లలో కటింగ్ ఆయిల్ సరిగ్గా కలవదు, విరిగిన పాలలా తేలిపోతుంది, రీమర్‌కు తుప్పు పట్టిస్తుంది. పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ శుద్ధి చేసిన నీళ్లు గానీ వాడాలి. నూనెను నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను నూనెలో పోయకూడదు.

ఎండ సంగతి కూడా. కొలతలన్నిటికీ ప్రపంచమంతా 20 డిగ్రీల వేడిమినే ప్రమాణంగా తీసుకుంటుంది. మన మే నెలలో రేకుల షెడ్డులో 42 డిగ్రీలు ఉంటే, 30 మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రం సుమారు 7 మైక్రాన్లు పెరుగుతుంది, అల్యూమినియం అయితే అందుకు రెట్టింపు. గేజ్ కూడా ఉక్కుదే, అదే షెడ్డులో ఉంటే ఉక్కు ముక్కతో సమానంగా పెరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అల్యూమినియం ముక్కకు తేడా వస్తుంది. కోత వేడి తగ్గకముందే కొలిస్తే ఏ లోహానికైనా తేడా వస్తుంది. ముక్కనూ గేజ్‌నూ ఒకే బల్ల మీద నీడలో కాసేపు ఉంచి కొలవడం నేర్పాలి.

తప్పు వస్తే కారణం ఎక్కడ?

రంధ్రం పెద్దదైతే: రీమర్ వంకరగా తిరుగుతోంది, లేదా వేగం ఎక్కువ, లేదా అంచుకు లోహం అంటుకుంది. చిన్నదైతే: రీమర్ అరిగింది. నోరు వెడల్పుగా, లోపల సన్నగా ఉంటే: చేయి ఊగింది, లేదా మధ్యబిందువు తప్పింది. గోడ మీద గీతలు వరుసగా ఉంటే: వేగం ఎక్కువ, బిగింపు వదులు. గోడ చిరిగినట్టు ఉంటే: పొర ఎక్కువ వదిలారు, లేదా నూనె లేదు, లేదా వెనక్కి తిప్పారు. ఈ ఐదు వాక్యాలు కాగితం మీద రాసి వర్క్‌షాపు గోడకు అంటిస్తే చాలు.

ఒక ఉదాహరణ: కింగ్‌పిన్ బుష్

ట్రాక్టరు స్టీరింగ్ వణుకుతోందని, ముందు టైరు ఒకవైపే అరుగుతోందని రైతు వస్తాడు. చాలాసార్లు కారణం కింగ్‌పిన్ బుష్ అరుగుదల. పాత బుష్‌లు తీసి, ఇల్లు తుడిచి, గ్రీజు రంధ్రం ఎదురెదురుగా వచ్చేలా కొత్త గన్‌మెటల్ బుష్‌లు నొక్కి దించాలి. బిగుతుగా దిగిన బుష్ లోపలివైపు కొద్దిగా మూసుకుంటుంది, పిన్ను దూరదు. అందుకే రీమర్.

కొన్ని షాపుల్లో ఇక్కడ గుండ్రని ఆకురాయితోనో, ఎమరీ కాగితంతోనో రుద్దుతారు. పిన్ను దూరుతుంది, రైతు డబ్బులిచ్చి పోతాడు. కానీ అలా రుద్దిన బుష్ గుండ్రంగా ఉండదు. పిన్ను రెండు మూడు చోట్లే ఆనుతుంది. ఆ చోట్లు త్వరగా అరిగి, కొద్ది నెలల్లోనే మళ్లీ వణుకు మొదలవుతుంది.

సరైన పద్ధతిలో, పైబుష్ కోసేటప్పుడు రీమర్ గైడు కిందిబుష్‌లో ఆని ఉండాలి, కిందిది కోసేటప్పుడు పైదాంట్లో ఆని ఉండాలి. అప్పుడే రెండూ ఒకే గీతలోకి వస్తాయి. సర్దుబాటు రీమర్ అయితే ఒక్కసారికి కొద్దిగానే తెరిచి, రెండు మూడు విడతల్లో తీయాలి, ప్రతి విడతకూ పిన్ను పెట్టి చూడాలి. నూనె రాసిన పిన్ను చేతి ఒత్తిడికి నిదానంగా దిగాలి, పక్కకు ఊగకూడదు. కొన్ని కంపెనీలు రీమింగ్ అవసరం లేని బుష్‌లు ఇస్తున్నాయి. వాటిని కోస్తే పాడవుతాయి కాబట్టి బండి మరమ్మతు పుస్తకం ముందు చూడాలి.

వాన రాక, అప్పుతో ట్రాక్టరు నడుపుకుంటున్న రైతుకు ఏడాదికి ఒక మరమ్మతుకూ మూడు మరమ్మతులకూ ఉన్న తేడా చిన్నది కాదు. మన కుర్రాడి చేతిలోని రీమర్ ఆ రైతు ఇంటికి కూడా మేలు చేస్తుంది.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

అడిసన్, ఐటీ, మిరాండా వంటి పేరున్న కంపెనీల రీమర్లు పనిముట్ల అంగళ్లలో దొరుకుతాయి. పేరూ కొలతా ముద్ర లేని చవక రకం వద్దు. పెట్టెనిండా ఇరవై చవక రీమర్ల కంటే 6, 8, 10, 12 మిల్లీమీటర్ల హెచ్7 రీమర్లు నాలుగు మేలు.

రీమర్ ఒక్కటే కొంటే అది పెట్టెలోనే తుప్పు పడుతుంది. దాని ముందు పని డ్రిల్‌ది, తరువాత పని గేజ్‌ది. కాబట్టి ప్రతి రీమర్‌తో పాటు దానికి సరిపడే డ్రిల్ బిట్, గో–నోగో ప్లగ్ గేజ్ జోడీగా కొనాలి. మొత్తం సెట్టుకు ఒక టాప్ హ్యాండిల్, కటింగ్ ఆయిల్ డబ్బా, ఒక బ్రష్. మరమ్మతు షాపులో చేరే పిల్లలకు వీటితో పాటు ఒక సర్దుబాటు రీమర్.

ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ప్లాస్టిక్ గొట్టాల్లోనో గుడ్డ సంచుల్లోనో, నూనె రాసి పెట్టాలి. సొరుగులో ఆకురాళ్లతో కలిపి పడేస్తే ఒక్క రోజులో అంచులు పోతాయి. మొద్దుబారిన రీమర్‌ను మామూలు గ్రైండర్ రాయి మీద పదును పెట్టబోతే పూర్తిగా చెడిపోతుంది. దానికి టూల్ అండ్ కట్టర్ గ్రైండర్ కావాలి. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ ఆ గ్రైండర్లకు పేరు పడ్డ సంస్థ. వాళ్ల పాత మిషన్లు కొన్ని షాపుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇంకా పైకి చదవాలనుకునే పిల్లలకు హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వం 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పదో తరగతి తరువాత అక్కడ టూల్, డై, మౌల్డ్ తయారీలో డిప్లొమా చేయవచ్చు. ఈ దారి గురించి మన ఇళ్లలో తెలిసినవారు తక్కువ.

దాతలకు మా విన్నపం

ఇచ్చిన పనిముట్టు సరిగ్గా వాడారా లేదా అని తెలుసుకునే హక్కు మీకు ఉంది. రీమర్ విషయంలో అది చాలా సులువు. వర్క్‌షాపుకు రండి. ఏ పిల్లవాడినైనా, పిల్లనైనా పిలిచి 10 మిల్లీమీటర్ల హెచ్7 రంధ్రం ఒకటి చేయమనండి. ముక్క చల్లారాక గేజ్ మీరే చేతిలోకి తీసుకోండి. గో వైపు దానంతట అది లోపలికి దిగాలి. నోగో వైపు నోటి దగ్గరే ఆగిపోవాలి. రెండూ జరిగితే మీ సొమ్ము పనిలోకి వచ్చినట్టే. జరగకపోతే ఎక్కడ తప్పిందో పైన రాసిన ఐదు వాక్యాల్లో వెతికి, ఆ బిడ్డ చేత మళ్లీ చేయించే బాధ్యత నేర్పేవాళ్లది.

ఈ ఏడాది ఒక్కో దాత ఒక్కో కొలత జోడీ, అంటే ఒక రీమర్, దాని డ్రిల్, దాని గేజ్ ఇవ్వగలిగితే మన పిల్లలకు రెండు పూర్తి సెట్లు సమకూరుతాయి. పేరు రాయించదలచినవారు, పేరు లేకుండా ఇవ్వదలచినవారు ఇద్దరూ సొసైటీ కార్యాలయంలో చెప్పవచ్చు. తెచ్చిన ప్రతి పనిముట్టూ ఏ పిల్లవాడి చేతికి వెళ్లిందో, ఏ తేదీన గేజ్ పరీక్ష జరిగిందో రిజిస్టరులో రాసి ఉంచుతాం. వచ్చే సంచికకు ముందు ఆ రిజిస్టరు చూడటానికి దాతలందరినీ ఆహ్వానిస్తున్నాం.